సడక్ సంగప్ప అన్న 'అయింది'

జహీరాబాద్,
డిసెంబరు 1988

శ్రీవారికి,

మీ బాలమణి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. షోలాపూర్‌లో మీరూ, అత్తమ్మా క్షేమమని మీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది. తిండి సంగతి అడిగారు. ఇంటావిడ పార్వతమ్మ రోజూ జొన్నరొట్టె పెడుతోంది. ఒళ్లు చేశాను, చూస్తే మీరే నవ్వుతారు.

"పని అయిందని రాసి నెల దాటింది, మనిషి ఏదీ?" అని దెప్పారు. దెప్పాల్సిందే. ఆ రోజు నిజంగానే అయిందనుకున్నాను. ఏ రైతు ఎప్పుడు చెరకు కొట్టాలో చెప్పే కటింగ్ ఆర్డర్లను, నేను రాసిన ప్రోగ్రాంతో, చక్కెర ఫ్యాక్టరీ కంప్యూటర్ అచ్చువేసింది. అందరికీ మిఠాయి కూడా పంచాం.

తర్వాత చిరాగ్‌పల్లి సంగప్ప నేరుగా కంప్యూటర్ గదికే వచ్చాడు.

"అయింది అయింది అంటున్నరు. ఏమైందమ్మా? నాకు ఆర్డరే రాలె. చెరుకు చేన్లనే ఎండవట్టె."

ఆ ఊళ్లో సంగప్పలు ఇద్దరు. ఇద్దరి తండ్రుల పేరూ నాగప్పే. ఊరివాళ్లకు బావి దగ్గర ఉండేవాడు బాయికాడి సంగప్ప, రోడ్డు పక్కన ఉండే ఈయన సడక్ సంగప్ప. నా ప్రోగ్రాం ఇద్దరినీ కలిపి ఒక్కడిని చేసేసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నాకు అయిందంటే కంప్యూటర్ ఆగకుండా నడవడం. ఆయనకు అయిందంటే చెరకు ఫ్యాక్టరీ కాటా మీద తూకమై, ఖాళీ బండి ఇల్లు చేరడం.

అందుకే పని తీరు మార్చాను. ముందు చిరాగ్‌పల్లి ఒక్కటే. వారం వారం ఆర్డర్లు రైతుల ముందు చదువుతాం. తప్పులు వాళ్లే చెబుతారు, ఏది ముందు దిద్దాలో కూడా వాళ్లనే అడుగుతాను. అది కుదిరాకే తర్వాతి ఊరు న్యాల్‌కల్. మా మేనేజర్ అమర్నాథ్ గారు మండిపడ్డారు.

"ఊరికో వారమంటే ఎన్నడు తెముల్తదమ్మా?"

"తప్పు అన్ని ఊర్లకు పోయినంక దిద్దుడు ఇంకా కష్టం సార్" అన్నాను.

మొన్న సడక్ సంగప్ప ఖాళీ బండి తోలుకుపోతూ నా ముందు ఆపి, "ఇగ అయిందమ్మా" అన్నాడు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇంతసేపూ దాచిన మాట రాస్తున్నాను, కోప్పడకండి. నన్నిక్కడికి పంపిన మా కంపెనీ నుంచి షోలాపూర్‌కు బదిలీ ఉత్తర్వు పోయిన వారమే వచ్చింది. చెరకు సీజన్ అయ్యేదాకా వద్దని నేనే చెప్పాను. ఇక్కడే ఉండమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. మీరు లేక నాకూ దిగులుగానే ఉంది. కానీ సగంలో వదిలేసి వస్తే, మీ పక్కన కూర్చున్నా మనసు ఈ కాటా దగ్గరే ఉంటుంది.

ఈ ఆదివారం మీరే జహీరాబాద్ బస్సెక్కండి. ఇకమీదట పని అయిందని మీకు ఉత్తరం రాయను. అయిన రోజు వచ్చి తలుపు తడతాను. అప్పుడు 'అయింది' అన్న మాట మీరే అనండి.

ఇట్లు,
మీ కోపానికీ, మీ రాకకూ ఎదురుచూస్తున్న
మీ ఇల్లాలు బాలమణి