అకారాది క్రమంలో నేల

మావయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నీ మోకాలి నొప్పి, అత్తయ్య కోపం రెండూ తగ్గాయనుకుంటున్నాను. ఫోన్ చేస్తే నీ చెవికి సగమే అందుతుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మావయ్యా, నాకు ఉద్యోగం వచ్చింది! ఎక్కడో చెప్పుకో చూద్దాం! నువ్వు ముప్ఫై ఒక్క ఏళ్లు నేల మేస్త్రీగా చేసిన ఇండోర్ స్టేడియంలోనే! రికార్డుల సెక్షన్లో అసిస్టెంటుని. లైబ్రరీలో నాలుగేళ్లు కార్డులు సర్దిన అనుభవం ఉందని తీసుకున్నారు. మూడు నెలలు చూసి, పని నచ్చితే పర్మనెంటు చేస్తారట.

మొదటి పనే కొండంత. స్టేడియం కట్టి యాభయ్యేళ్లు అవుతోంది. వచ్చే నెల ఆఖరి ఆదివారం వేడుక. పొద్దున బాస్కెట్‌బాల్ మ్యాచ్, సాయంత్రం మేయరు గారి ప్రసంగం. వచ్చినవాళ్లందరికీ పంచడానికి స్టేడియం చరిత్ర పుస్తకంగా రావాలని మేనేజరు గారి ఆర్డరు. ఆ తర్వాత పైకప్పు బాగుచేయడానికి ఆరు నెలలు మూసేస్తారట. తీరా రికార్డుల గది తెరిస్తే, ఆ పైకప్పు కారీ కారీ ఫైళ్లన్నీ ముద్దయిపోయి ఉన్నాయి. అక్కడ ఏం జరిగిందో చెప్పగల మనిషివి ఇక నువ్వొక్కడివే. పుస్తకం రాకపోతే నా ఉద్యోగం గోవిందా. గుర్తున్నదంతా వెంటనే రాయి!

ఇట్లు,
నీ మేనకోడలు, పిడుగు

తా.క.: నువ్వు నా మావయ్యవని మేనేజరు గారికి గొప్పగా చెప్పాను. ఆయన లేచి వెళ్లి తలుపు వేసి వచ్చి, "ఆయన మళ్లీ రారు కదా?" అని అడిగారు.

*

పిడుగుకి మావయ్య ఆశీస్సులు.

మోకాలు తగ్గలేదు, మీ అత్తయ్య కోపమూ తగ్గలేదు. మబ్బు పడితే రెండూ పెరుగుతాయి.

నీ ఉత్తరం చూసి మోకాలి సంగతి మర్చిపోయి ఒక్క ఉదుటున లేచాను. మన హాల్లో నువ్వా! శభాష్! ఇక రాసుకో.

మొదట కట్టింది ఐసు మీద స్కేటింగ్ కోసం. నేల కింద గొట్టాలు, గొట్టాల్లో గడ్డకట్టని ఉప్పునీళ్లు, పైన ఐసు. ఊళ్లో ఒక్కడికీ స్కేటింగ్ రాదు. మొదటి రోజు నాలుగొందల మంది వచ్చారు, నాలుగొందల మందీ పడ్డారు. రెండో రోజు ఎనిమిదొందల మంది వచ్చారు, పడేవాళ్లను చూడ్డానికి.

ఉత్త ఐసుతో హాలు గడవదని తర్వాత తెలిసింది. అప్పుడు ఐసు మీద రబ్బరు పట్టాలు, వాటి మీద రెండొందల పదహారు చెక్క పలకలు వేయించారు. ఆ పలకలు పరిచేవాణ్ణి నేనే. ఇంకేముంది, ఊరంతా అక్కడే! కుస్తీ, బాక్సింగ్, సర్కస్, పాటకచేరీలు, ఎన్నికల ఓట్ల లెక్కింపు. ఒకే రోజు పొద్దున కుస్తీ, మధ్యాహ్నం పూల ప్రదర్శన, సాయంత్రం డ్యాన్సు పోటీ పెట్టిన ఘనులున్నారు. మధ్యలో నేల మార్చడానికి నాకూ నా పన్నెండు మందికీ రెండేసి గంటలు. ఒకసారి నర్సు ఉద్యోగాల పరీక్ష పెట్టారు. కింద ఐసు కరిగించడం మర్చిపోయాం. రెండు వేల మంది శాలువాలు కప్పుకుని, వణుక్కుంటూ రాశారు. ఆ ఏడు పాసైనవాళ్లు ఎక్కువ, ఎవరికీ కునుకు పట్టలేదు కదా! ఏరు పొంగిన ఏడు ఆరొందల కుటుంబాలు పంతొమ్మిది రోజులు ఆ పలకల మీదే పడుకున్నాయి. రెఫరీ గదిలో ఒక ఆడపిల్ల పుట్టింది.

అసలు విషయం విను. నీ పుస్తకం ఎప్పుడో రాసేసి ఉంది. ఎవరొచ్చినా ఒక పలక తిరగేసి, అడుగున పేరు, వచ్చిన పని, ఇంటి చిరునామా రాయించేవాణ్ణి. వస్తువులు మర్చిపోతే పంపడానికి పనికొస్తుందని మొదలుపెట్టాను. (ఒక గాయకుడు పళ్లసెట్టు మర్చిపోయాడు. మర్నాడు ఇంకో ఊళ్లో ఆయన కచేరీ.) నేల తిరగేసి చూడు, చరిత్రంతా అక్కడే ఉంది.

ఇట్లు,
మావయ్య

తా.క.: మూసేస్తారన్న ముక్క చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. బతికున్నవాళ్ల చరిత్ర ఎవరడుగుతారే? ఆరు నెలలు మూస్తామన్న హాలు మళ్లీ తెరవగా నేను చూడలేదు. నిజం చెప్పు. కూల్చేస్తున్నారా?

ఇంకో తా.క.: ఐసు మీద పడ్డ నాలుగొందల మందిలో మీ మావయ్యే మొదటివారు. అది మాత్రం రాయలేదు, గమనించు. — అత్తయ్య

*

మావయ్యా, నమస్కారం, వెయ్యి నమస్కారాలు!

నేల తిరగేశాం! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఒక పలక అడుగున, "నలభై సెకన్లలో ఓడిపోయాను, నేల మాత్రం బాగుంది" అని ఒక వస్తాదు రాశాడు. ఇంకోచోట, "నీళ్లు తగ్గాయి, ఇంటికి పోతున్నాం, పాప క్షేమం" అని ఉంది. పక్కన పసిదాని బొటనవేలి ముద్ర. మా సెక్షన్ అంతా మోకాళ్ల మీద కూర్చుని పొద్దు గుంకే దాకా చదివాం. నూట నలభై మూడు పలకల మీద పేర్లున్నాయి. చిరునామాలతో జాబితా తయారుచేసి దీంతో పంపుతున్నాను, తప్పులుంటే దిద్దు.

ఒక చిన్న తప్పు జరిగింది. కోప్పడకు. లైబ్రరీ అలవాటు కదా, పుస్తకంలో పేర్లు అకారాది క్రమంలో ఉండాలని పలకలు కూడా అదే క్రమంలో సర్దించాను. వెతుక్కోవడం ఎంత సులువైందో! పని పూర్తయ్యాక కుర్రాళ్లు వాటిని అదే వరసలో పరిచేశారు. గ్యాలరీ ఎక్కి చూస్తే పలకల మీద గీసిన బాస్కెట్‌బాల్ కోర్టు లేదు. గీతలు ఉన్నాయి గానీ ఒక గీతకీ ఇంకో గీతకీ మాటల్లేవు. పలకల మీద నంబర్లు అరిగిపోయాయి. వాటి వరస ఎవరికీ తెలియదు. వేడుక నాటికి కోర్టు లేకపోతే మ్యాచ్ లేదు, మ్యాచ్ లేకపోతే నేను లేను. వరస వెంటనే రాసి పంపు.

కూల్చడమా? ఏం మాటలవి! పైకప్పు పని అని మేనేజరు గారు స్వయంగా చెప్పారు. నువ్వు హాయిగా భోంచెయ్యి.

ఇట్లు,
వణుకుతున్న పిడుగు

తా.క.: కోర్టు మధ్య ఉండాల్సిన గుండ్రం ఎనిమిది ముక్కలైంది. ఏడు దొరికాయి. ఎనిమిదోది ఆడవాళ్ల బాత్రూము వైపు తిరిగి ఉంది.

*

పిడుగుకి ఆశీస్సులు. ఈసారి కాస్త తక్కువ.

అకారాది క్రమమా! ముప్ఫై ఒక్క ఏళ్లలో నేలను తలకిందులుగా పరిచినవాణ్ణి చూశాను, తాగి పరిచినవాణ్ణి చూశాను. అక్షరాల వరసలో పరిచినదానివి నువ్వే. నా పరువు ఏట్లో కలిపావు.

వరస నా తలలో ఉంది. తల ఇక్కడ ఉంది. రెండూ నీకు ఇవ్వను! కూల్చబోయే హాలుకి నేల ఎందుకే? అమాయకురాలివి, నీ చేత తద్దినం పుస్తకం రాయిస్తున్నారు. కూల్చడం లేదని ఆఫీసు కాగితం మీద టైపు చేసి, సీలు వేసి, నాలుగు గేట్లకీ అంటించు. అప్పుడు పంపుతాను. ఆ హాలు పోతే నేను అన్నేళ్లు వంగి చేసిన పనికి ఒక్క గుర్తు కూడా మిగలదు. నేల వేసినవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందరూ నిలబడేది దాని మీదే, చూసేది మాత్రం పైకి.

నేను చేతులు కట్టుకుని కూర్చోలేదులే. నీ జాబితా బంగారం! నూట నలభై మూడు చిరునామాలకీ కార్డులు రాసి పడేశాను. "మన హాలు కూల్చేస్తున్నారు, ఆఖరి ఆదివారం నీ మనుషులందరితో రా" అని.

ఇట్లు,
మావయ్య (మాజీ నేల మేస్త్రీ)

తా.క.: నూట నలభై మూడు స్టాంపులు నాలుకతో తడిపి అంటించారు. నాలుక పూసి రెండు రోజులు మాట్లాడలేదు. ఇల్లు ఎంత హాయిగా ఉందో! — అత్తయ్య

*

మావయ్యా! ఏం చేశావు మావయ్యా!

నమస్కారం రాయడానికి కూడా చెయ్యి ఆడటం లేదు. గేటు ముందు జనం! నలభై సెకన్ల వస్తాదు వచ్చాడు, ఇప్పుడాయనకి డెబ్భై ఏళ్లు, తొడ చరిచి గేటుకి అడ్డంగా కూర్చున్నాడు. నర్సులు రెండు బస్సులు మాట్లాడుకున్నారట. రోజుకి వంద ఫోన్లు. "కూల్చడం లేదండీ, పైకప్పండీ" అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

మేనేజరు గారు కూతురి దగ్గరికి సెలవు మీద వెళ్లారు, వేడుక రోజు పొద్దున గానీ రారు. ఇక నేనే తెగించాను. నువ్వు చెప్పినట్టే ఆఫీసు కాగితం తీసి టైపు చేశాను: "ఈ స్టేడియాన్ని కూల్చడం లేదు. ఇప్పుడే కాదు, ఎప్పుడూ కూల్చము. పైకప్పు బాగుచేసి మళ్లీ తెరుస్తాము. అందరూ వేడుకకు రండి." ఆయన బల్ల సొరుగులోంచి సీలు తీసి గట్టిగా గుద్దాను. నాలుగు గేట్లకీ అంటించాను. రెండు పేపర్లవాళ్లు ఫొటో తీసి వేశారు కూడా. కటింగ్ పంపుతున్నాను, భూతద్దం పెట్టి చదువుకో. ఇప్పుడైనా నమ్ము, వరస పంపు! ఎనిమిది రోజులే ఉన్నాయి.

ఇట్లు,
గొంతు పోయిన పిడుగు

తా.క.: వస్తాదు నోటీసు చదివి శాంతించాడు గానీ వెళ్లలేదు. ఎలాగూ వచ్చాను కదా అని ఆటగాళ్ల గదిలో మకాం పెట్టాడు. ఆయన గురక ఏ మూలకి ఎంత వినిపిస్తోందో చూసుకుని మా మైకులాయన స్పీకర్లు సరిచేసుకుంటున్నాడు.

*

పిడుగుకి ఆశీస్సులు, పూర్తిగా.

సీలు చూశాను. సంతకం లేదు గానీ సీలు అసలైనదే, అంచు విరిగిన చోటు నాకు తెలుసు. సరే, నీ మాట మీద వరస పంపుతున్నాను, తొమ్మిది పేజీలు. తూర్పు గుమ్మం ఎడమ మూల వస్తాదు పలకతో మొదలుపెట్టు. పలక పలకకీ సుత్తితో కాదు, మడమతో తట్టు. మధ్యలో ఫోన్ చెయ్యకు, వినపడదు.

నాకింకా అనుమానమే. అందుకే నేను రాను. ఆఖరి చూపులు చూసే ధైర్యం నాకు లేదు తల్లీ.

ఇట్లు,
మావయ్య

తా.క.: ఆరో పేజీ మీద మీ అత్తయ్య కాఫీ ఒలికించింది. ఆ వరస నీ తెలివికి వదిలేస్తున్నాను.

*

మావయ్యకు, అత్తయ్యకు సాష్టాంగ నమస్కారాలు.

కూర్చుని చదువు. అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకో.

కోర్టు వచ్చింది! ఆరో పేజీ దగ్గర మూడు పలకలు తేడా వచ్చాయి, ఒక గీత ప్రేక్షకుల్లోకి వెళ్లిపోయింది. ఆటగాళ్లు దాన్ని ఏమాత్రం పట్టించుకోలేదు. నాలుగు వేల మంది మావయ్యా! మెట్ల మీద కూడా చోటు లేదు. రెఫరీ గదిలో పుట్టిన పాప ఇప్పుడు బస్సు డ్రైవరట, నర్సుల బస్సు ఒకటి తనే నడుపుకుంటూ వచ్చింది. ప్రతి ఒక్కళ్లూ "మేస్త్రీ గారేరీ?" అనేవాళ్లే.

పొద్దున మేనేజరు గారు వచ్చారు. గేటు దగ్గర నోటీసు చదివారు. రెండోసారి చదివారు. తన సీలు చూసుకుని మెట్ల మీద కూలబడ్డారు. నా పని అయిపోయిందనుకున్నాను. "సార్, మీరు చెప్పిందే కదా రాశాను" అన్నాను. ఆయన సంచిలోంచి మేయరు గారి ప్రసంగం కాపీ తీసి నా చేతిలో పెట్టారు.

మొదటి పేజీ అంతా చరిత్ర. రెండో పేజీలో ఏముందో తెలుసా? పైకప్పు బాగుచేయడం దండగ, వచ్చే నెలలో స్టేడియం కూల్చి దుకాణాల సముదాయం కడుతున్నాం, గుర్తుగా ఈ పుస్తకం ఇంటికి తీసుకెళ్లండి. నా పుస్తకం!

"ఇది మీకు ఎప్పటి నుంచి తెలుసు సార్?"

"ఆరు నెలలైంది. చెప్తే గొడవ అవుతుందని పైవాళ్లన్నారమ్మా."

నువ్వు చెప్పిందే నిజం మావయ్యా. నేను ప్రతి ఉత్తరంలోనూ నిన్ను చూసి నవ్వాను. నన్ను క్షమించు.

సాయంత్రం మేయరు గారు వేదిక ఎక్కారు. నాలుగు గేట్ల నోటీసులూ చూసే వచ్చారు, పేపర్లలోనూ చదివారు. మొదటి పేజీ చదివారు. రెండో పేజీ తిప్పారు. జనం వైపు చూశారు. జనమంతా నవ్వుతూ, నా నోటీసు నమ్మి, ఎదురుచూస్తున్నారు. ముందు వరసలో వస్తాదు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నా చేతిలోనూ అదే రెండో పేజీ ఉంది. ఆయన కాగితం మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నారు. గ్లాసుడు నీళ్లు తాగారు. "నోటీసులో చెప్పినట్టే పైకప్పు బాగుచేస్తాం. ఆరు నెలల్లో తెరుస్తాం" అన్నారు.

హాలు దద్దరిల్లిపోయింది! పైకప్పు బాగుపడుతుందని నాలుగు వేల మంది చప్పట్లు కొట్టారు. హాలు బతికిందని కొట్టింది నేనొక్కదాన్నే. నీ వంతు కూడా నేనే కొట్టాను మావయ్యా, చేతులు వాచిపోయాయి.

ఇట్లు,
నీ పిడుగు

తా.క.: మేనేజరు గారు ఈ రోజు రెండు కాగితాలిచ్చారు. చెప్పకుండా సీలు వాడినందుకు మెమో ఒకటి, మూడు నెలలు నిండకుండానే ఉద్యోగం పర్మనెంటు చేసిన ఆర్డరు ఒకటి. రెండింటి మీదా సీలు నన్నే వెయ్యమన్నారు.