మీ బావ సమాధికి బండ

అమీర్‌పేట,
ఈస్టర్ అయిన బుధవారం, 1938

తమ్మీ దయానందం, నా పానం మంచిగనే ఉన్నది, కార్డు జూసి పరేషాన్ గాకు.

మన అమీర్‌పేట, పంజాగుట్ట కమిటీలు తీసేసి పట్నం మున్సిపాలిటీల కలుపుతరట. ఇన్నాళ్లు ఏం గావాల్నన్నా కమిటీ పెద్ద బుచ్చయ్య అరుగు కాడికి పోయి అడిగేటోళ్లం. రేపు ఎవల్ని అడగాలె? నిన్న పట్నం నుంచి కొలతలాయన మన సమాధుల తోటకొచ్చిండు. పండుగకు సున్నమేసిన రాతి సమాధులనే లెక్కకు పట్టిండు. మీ బావది మట్టిదాయె, పోయిన వానలకు కుంగింది. పండుగని నేనే ఎర్రమట్టితోని నున్నగ అలికిన. "గిది ఖాళీ జాగ, గిట్లకెల్లి సడక్ తీస్తం" అనుకుంట దాని మీదనే కొలత గొలుసు పరిచిండు. "మా ఆయన గిక్కడే పండుకున్నడయ్యా" అని మొత్తుకున్న. "గుర్తేది?" అన్నడు. బుచ్చయ్య వచ్చి చెప్పినా ఇనలే. వచ్చే నెల మళ్ల వస్తడట.

మరదలికి దగ్గు తగ్గిందా? మేక ఈనిందా? చింతపండు పంపకు, ఇంక ఉన్నది. తాండూరు బండ ఒకటి చెక్కిచ్చి రైలుకు నువ్వే తీస్కరా. జర వెడల్పుది చూడు. మీద మీ బావ పేరు చిన్నప్ప అని ఉండాలె, కింద నా పేరు సుత ఇప్పుడే చెక్కియ్యి. బతికున్నదాని పేరెట్ల చెక్కాలె అని నాతోని పంచాయితీ పెట్టకు. పట్నంల కలిసినంక నన్ను ఆయన పక్కన పెట్టనిస్తరో లేదో.

పిల్లలను ప్రభువు సల్లగ చూడాలె.

మీ అక్క,
దేవమణి