చేతికా, కాలికా, సీటుకా

18 జనవరి 1976, ఆదివారం

కారు వణుకుతోంది. నలభై మైళ్ళ స్పీడు దగ్గర మొదలవుతుంది, నలభై ఐదు దాటితే మాయం. మియాపూర్ దాకా వెళ్ళి వచ్చాను. పోయేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. మా ఆవిడ జయలక్ష్మి పక్కనే కూర్చుని వక్కపొడి నములుతూ, నాకేం తెలియడం లేదండీ అంది. ఆవిడకి ఎప్పుడు ఏం తెలిసింది గనక.

ఇరవై ఏళ్ళ నాటి అమెరికా బండి. ఒక నవాబుగారి షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుంటే కొన్నాను. స్టీరింగు ఎడమవైపు. క్లచ్ లేదు, గేర్లు వాటంతట అవే పడతాయి. కొన్నది అందుకే. ఫ్యాక్టరీలో క్రేన్ గొలుసు తెగి నా ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. ఇప్పుడున్నది కొయ్యకాలు. మిగిలిన ఒక్క కాలితో నేను తోలగలిగిన కారు నాకు తెలిసి ఇదొక్కటే. ఇది లేకపోతే చందానగర్ నుంచి మెషిన్ షాపుకి ఎవరో ఒకరు నన్ను సైకిల్ వెనక వేసుకుపోవాలి, బియ్యం మూటలాగా. ఏడాది అలా పోయాను. ఇంక పోను.

19 జనవరి

నలభై దగ్గర మళ్ళీ.

25 జనవరి, ఆదివారం

ఐలయ్య షెడ్డుకి తీసుకెళ్ళాను. బొంబాయి రోడ్డు పక్కన లారీలు బాగుచేస్తాడు. చదువు రాదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, కొయ్య పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. లోపల ఏది కొట్టుకుంటోందో చెప్పేస్తాడు. డిప్లొమా చదివినవాణ్ణి కదా, నాకు నవ్వొచ్చింది. కట్టెకు అబద్ధమాడ రాదు సార్ అన్నాడు.

నువ్వే తోలి చూడవయ్యా అంటే ససేమిరా అన్నాడు. ఎడమకాలికి పని లేని బండంటే భయమట. నా కుడిపక్కన కూర్చున్నాడు. ముల్లు నలభై మీదకి రాగానే చూశావా అన్నాను. ఏం లేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

1 ఫిబ్రవరి, ఆదివారం

ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకి మార్చాడు. వణుకు పోలేదు. నలభైలో న్యూట్రల్ చేసి వదలమన్నాడు. వదిలాను. ఇంజను నెమ్మదించినా వణుకు అలాగే ఉంది. అయితే ఇంజను కాదన్నాడు. మనిషి మెదడు పద్ధతిగా పనిచేస్తుంది, ఒప్పుకోవాలి. మా షాపులో సగం మందికి ఆ పద్ధతి లేదు. పైసలు తీసుకోలేదు, దొరికినంక ఇయ్యుండ్రి అన్నాడు. టీ తెప్పించాడు. చిన్నప్పుడు గచ్చిబౌలి బండల్లో రాయి కొట్టేవాడట. అక్కడిప్పుడు యూనివర్సిటీ వస్తోందట, తన బిడ్డ అందులో చదువుతుందేమో అన్నాడు. బిడ్డకి నాలుగేళ్ళు.

3 ఫిబ్రవరి

ఇక్కడ రాస్తాను. ఇంకెక్కడా అనను.

వణుకు నా ఎడమ పాదంలో వస్తోంది. లేని పాదంలో. అరికాలి దగ్గర మొదలై మడమ దాకా పాకుతుంది. కారు దిగితే ఉండదు.

ఆపరేషన్ అయిన కొత్తల్లో వేళ్ళు దురద పెట్టేవి. లేని వేళ్ళు. డాక్టరుకి చెబితే అది మెదడు చేసే మాయ, కొందరికి తగ్గకపోతే మనసు పాడవుతుంది, అలాంటిది ఉంటే రిపోర్టులో రాయక తప్పదు అన్నాడు. తగ్గిపోయిందని చెప్పేశాను. నిజంగానే తగ్గింది. ఇప్పుడిది.

మార్చి నాలుగున మెడికల్ బోర్డు. ఫిట్ అంటే షాపులో పని చేయించే చార్జ్‌మన్‌గా ఉంటాను. కాదంటే ఇంటికి పంపిస్తారు. నలభై రెండేళ్ళకి అరుగు మీద కూర్చుని ఎవరి ముఖం చూడను? ఈ వణుకు కారుదే అని తేలాలి. తేలి తీరాలి. లేకపోతే అది నాది.

8 ఫిబ్రవరి, ఆదివారం

ఐలయ్య ఇవాళ కారు ముట్టుకోలేదు. గొంతుక్కూర్చుని నన్నే చూశాడు.

"ఏడ తగుల్తుంది సార్? చేతికా, కాలికా, సీటుకా?"

చేతికైతే ముందు చక్రాల దోషమట. సీటుకైతే వెనకవైపు, ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే పొడుగాటి షాఫ్టుదట. కాలికైతే ఆ కాలు పెట్టే చోటనే కింద ఏదో వదులైనట్టట. అడుగుతూ నా కుడికాలు చూశాడు. ఎడమది చూడలేదు. మర్యాద తెలిసిన మనిషి.

సీటుకి అన్నాను.

తను కూర్చున్న సీటుకి రాలేదే అని కాసేపు గడ్డం గోక్కున్నాడు. సదువుకున్నోల్లు మీరు, ఊకెనే అంటరా, షాఫ్టే సూస్త అన్నాడు. వెనక చక్రాలు పైకి లేపి, బండి నడుస్తుండగా కిందకి దూరి చూడాలట. ఇంకో జాకీ కిరాయికి తెస్తానన్నాడు.

9 ఫిబ్రవరి

చెప్పి ఉండాల్సింది. ఆదివారం చెబుతాను.

15 ఫిబ్రవరి, ఆదివారం

జాకీ దొరకలేదట. చెప్పలేదు.

22 ఫిబ్రవరి, ఆదివారం, మధ్యాహ్నం 2

ఐలయ్య పోయాడు.

24 ఫిబ్రవరి

ఆదివారం జరిగింది రాస్తున్నాను. రెండో జాకీ ఇవాళా దొరకలేదు, ఫికర్ లేదు సార్ అన్నాడు. ఒకవైపు జాకీ, ఒకవైపు చెక్క దిమ్మెలు. ముందు చక్రాలకి చెరో ఇటుక. వెనక చక్రాలు గాలిలో ఉన్నాయి. చేతిలో సుద్దముక్కతో కిందకి దూరాడు. తిరిగే షాఫ్టుకి సుద్ద ఆనిస్తే వంకర ఉన్నచోటే గీత పడుతుందట. నేను సీట్లో కూర్చుని డ్రైవ్‌లో వేశాను. ఇరవై, ముప్ఫై. కింద నుంచి ఇంగ జర, ఇంగ జర అని అరుస్తున్నాడు. నలభై.

గీత సమంగ పడ్తుంది సార్, షాఫ్టు సాఫ్‌గున్నది అన్నాడు. అంటే ఏమీ లేదన్నమాట. అప్పుడైనా ఆపాలి కదా. ఇంకోసారి చూడు అన్నాను. నేనే అన్నాను. నా నోటితోనే.

దిమ్మె జారింది. తిరుగుతున్న చక్రం నేలను తాకింది. బండి ఇటుకల మీదుగా ఎగిరి ముందుకు దూకి గోడకి గుద్దుకుంది. బ్రేకు తొక్కానా? తొక్కాను. అప్పటికే అయిపోయింది. నేను దిగి కర్ర వెతుక్కుని వెనక్కి నడిచేసరికి లారీ వాళ్ళు నా కంటే ముందే చేరారు. దవాఖానకి తీసుకెళ్ళే దారిలోనే పోయాడు.

పోలీసులు జాకీ జారిందని రాసుకున్నారు. నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. పాపం కాలు లేని మనిషి, ఎంత బెదిరిపోయారో అన్నారు.

జయలక్ష్మి రెండు రోజులుగా నా ఎదుట ఏడవడం లేదు. అన్నం కలిపి పెడుతోంది. తింటున్నాను. సిగ్గు లేకుండా ఆకలి వేస్తోంది.

4 మార్చి

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. పోయిన పాదంలో ఏమైనా తెలుస్తూ ఉంటుందా అని అడిగారు. లేదన్నాను. ఫిట్.

7 మార్చి, ఆదివారం, ఉదయం 11

షెడ్డు ఖాళీ చేయాలి, కారు తీసుకుపొమ్మని కిష్టమ్మ కబురు పెట్టింది. ఐలయ్య భార్య. రిక్షాలో వెళ్ళాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. బిడ్డను చంకనేసుకుని వచ్చి కారునే చూస్తూ నిలబడింది.

"ఆయన దేవులాడింది దొర్కిందా సార్? ఊకెనే పాయెనా?"

చూస్తున్నానమ్మా అన్నాను. బిడ్డకి నీళ్ళు తాగించడానికి లోపలికి వెళ్ళింది.

సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాను. పక్క సీట్లో అతని స్క్రూడ్రైవర్ ఉంది. ఎందుకు తీశానో తెలియదు. మొన కింద, నా కొయ్యకాలు ఆనే చోట పెట్టాను. పిడి చెవికి పెట్టుకున్నాను. కుడికాలితో యాక్సిలరేటర్ కాస్త నొక్కాను.

టకటకటక.

మ్యాట్ ఎత్తాను. బాడీని కింది ఇనప చట్రానికి, ఛాసిస్‌కి, పట్టి ఉంచే బోల్టు ఉంది. కింద రబ్బరు పొడైపోయింది. వేళ్ళతో తిప్పితే తిరిగింది. నిలబడి ఉంటే ఇంజను అదురుకి చెవికి మాత్రమే తెలిసేంత, నలభైలో గట్టిగా అది కొట్టుకుంటోంది, కొయ్యకాలు ఆ దెబ్బని మోకాటి దాకా మోసుకొస్తోంది. అంతే. మాయా లేదు, పిచ్చీ లేదు. కారు దిగితే పోయే పిచ్చి ఎక్కడైనా ఉంటుందా? ఈ ప్రశ్న నా డిప్లొమాకి తట్టలేదు.

కిందకి దూరక్కర్లేదు. ఐలయ్యకైతే కూర్చున్న చోటి నుంచే చేయి అందేది. పాత టైరు ముక్క కోసి వేసి, అతని స్పానర్‌తోనే బిగించాను. పది నిమిషాలు పట్టింది.

కిష్టమ్మ వచ్చి మళ్ళీ అడిగింది. దొరికిందా అని.

లేదన్నాను.

8 మార్చి

నలభైలో పోనిచ్చాను. ఏమీ లేదు. మళ్ళీ పోనిచ్చాను. ఏమీ లేదు.

ఐలయ్యా, కాలికి. ఎడమ కాలికి.