మామ పేరున ఉడికిన గోధుమలు

అల్ అమెరాత్, ఒమాన్,
ఫిబ్రవరి 1992, ఆదివారం

సంధ్యకు,

ఆశీస్సులతో మొదలుపెట్టడం మగవాళ్ల అలవాటు. భార్యాభర్తలు సమానులని చదివిన వాణ్ణి, ఆశీస్సులు ఎలా రాయను? ఈ వాక్యం చదివి వినిపిస్తే అత్త నవ్వుతుందేమో. నవ్వితే సంతోషం, ఈ మధ్య ఆమె నవ్విందని నువ్వు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, అత్త, పాప బాగున్నారనుకుంటున్నాను.

నీ ప్రశ్నలకు జవాబులు. దగ్గు పోయింది. అన్నం సరిగ్గానే తింటున్నాను, ఆఫీసర్ల మెస్సులో వంటచేసే కడప ఖమరుద్దీన్ చిచ్చా అప్పుడప్పుడు కూర దాచిపెడతాడు. "ఆ ఎర్ర పుస్తకాలు సముద్రంలో పారేసినవా?" అని అడిగావు. పారేయలేదు. తలగడ గలీబులో ఉన్నాయి. వాటి మీద తల పెడితేనే నాకు నిద్ర పడుతుంది.

ఇక నీ మూడో ప్రశ్న. "బాపు తాగి గుంతల దిగిండని ఊరంత అంటున్నరు, నిజమేనా? అమ్మ బావి కాడికి కూడా పోతలేదు." సంధ్యా, అది అబద్ధం. మామ తాగలేదు. తనంతట తాను దిగలేదు. కంపెనీ మీకు పంపిన కాగితంలో ఒక్క ముక్క నిజం లేదు. ఇదంతా మొదటి నుంచి చెప్పాలి, చివరిదాకా ఓపిగ్గా చదువు. మధ్యలో ఉత్తరం చింపేయాలనిపిస్తుంది, చింపకు.

మా సైట్‌లో ముగ్గురు గ్రీకు ఫోర్‌మెన్లు ఉన్నారని ఎప్పుడో రాశాను కదా. ముగ్గురిదీ ఒకే జాతి, కానీ మూడు దేశాల వాళ్లలా కొట్లాడుకుంటారు. మనోలిస్‌ది క్రీట్ అనే దీవి. ఆండ్రెయాస్‌ది సైప్రస్, అతను మాట్లాడుతుంటే మిగతా ఇద్దరూ చెవి దగ్గర చెయ్యి పెట్టి వినపడనట్టు వెక్కిరిస్తారు. మనం కడప వాళ్ల దీర్ఘాలను వెక్కిరించినట్టే. మూడో మనిషి సావాస్, మా పైపుల గ్యాంగు ఫోర్‌మన్. అతని తాత ముత్తాతలు నల్లసముద్రం ఒడ్డున ఉండేవాళ్లట. యుద్ధం తరువాత ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయిస్తే గ్రీసుకు వచ్చారట. మనోలిస్ దగ్గర తొడ మీద పెట్టుకుని వాయించే చిన్న వాద్యం ఉంది, సావాస్ దగ్గర సీసాలా సన్నగా ఉండేది ఉంది. రెండింటికీ పేరు లీరా. ఏది అసలు లీరా అని ప్రతి శుక్రవారం తగాదా. "వాళ్ల తగాదా మనకు మంచిదే, విడిపోయిన యజమానులు బలహీనులు" అని నేను రూములో ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. మామ గొంగడి కప్పుకుని "పండుకో బిడ్డా, పొద్దుగాల డ్యూటీ ఉంది" అనేవాడు.

మామ పోయిన రోజు పైపుల గుంత మనిషిన్నర లోతుంది. మట్టి కూలకుండా ఇరుపక్కలా బిగించే పలకలు అంతకు ముందురోజే లారీలో ఇంకో సైట్‌కు పోయాయి. మామ అంచున నిలబడి "పలకలేవి సార్?" అని సావాస్‌ను అడిగాడు. నేను అక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. సావాస్ వాకీటాకీలో మేనేజర్‌తో మాట్లాడాడు, అరిచాడు, ఆఖరికి తలవంచుకుని కిందికి చెయ్యి చూపించాడు. మామ చెప్పులు విడిచి దిగాడు. పక్క మట్టి కూలింది. ఆ తరువాత జరిగింది నీకు తెలుసు.

మొన్న శుక్రవారానికి మామ పోయి నలభై రోజులు. పొద్దున్నే మేనేజర్ మా గ్యాంగును నిలబెట్టి, "రేపు లేబర్ ఆఫీసు విచారణ. దేవయ్య తనకు తానే దిగాడు, ఎవరూ దిగమనలేదు. అందరిదీ ఒకే మాట ఉండాలి. వేరే మాట చెప్పినవాడు ఇంటికి పోతాడు" అన్నాడు. సావాస్ పక్కనే ఉన్నాడు. నోరు తెరవలేదు. బూటుతో ఇసుక గీస్తూ నిలబడ్డాడు.

రూముకు వచ్చాక మనవాళ్లతో గొంతు చించుకున్నాను. "ఒక్కటిగ నిలబడితె వాడు మనల్ని ఏం చేస్తడు?" అన్నాను.

వహీద్ అనే నిజామాబాద్ మనిషి బీడీ పారేసి లేచాడు. "ఏం చేస్తడా? బొంబాయి విమానం ఎక్కిస్తడు. నీ పుస్తకంల దానికి మందు రాసుందా కామ్రేడ్?"

"సచ్చినోడు నా మామ!"

"మాకూ పెద్దాయనేనయ్యా. ఆయన కోసం ఏడ్చినం. ఆయన కోసం మా ఇంట్ల పొయ్యి ఆర్పుమంటవా?"

ఒక్కొక్కరే గిన్నె పట్టుకుని భోజనానికి లేచారు. ఆ కోపం నెత్తికెక్కి ఉన్న సమయంలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ ముగ్గురు గ్రీకులూ మా రూముల వైపు వచ్చారు. ఎన్నడూ రానివాళ్లు. సావాస్ చేతుల్లో పెద్ద పళ్లెం. పళ్లెం నిండా తెల్లగా చక్కెర పరిచి, వెండి రంగు చక్కెర గుళికలు అద్ది, బాదం పలుకులతో మధ్యలో ముక్కోణం గీసి ఉంది. అచ్చం పుట్టినరోజు కేకులా.

రేపు మా మామ మీద అబద్ధం చెప్పించబోతూ ఇవాళ మాకు మిఠాయి పంచుతున్నారు! నాకు ఇంకేమీ కనిపించలేదు సంధ్యా. కింది నుంచి ఒక్క దెబ్బ కొట్టాను. పళ్లెం గాలిలో లేచి ఇసుకలో బోర్లా పడింది.

మనోలిస్ నా కాలరు పట్టుకున్నాడు. మెడ బిగిసి ఊపిరాడలేదు. సావాస్ అతని చెయ్యి విడిపించి, నన్ను కనీసం చూడకుండా, మోకాళ్ల మీద కూర్చుని ఇసుకలో పడినవాటిని ఏరడం మొదలుపెట్టాడు. అప్పుడు చూశాను, చక్కెర కింద ఉన్నది కేకు కాదు. ఉడికిన గోధుమలు, దానిమ్మ గింజలు, ఎండుద్రాక్ష. తొక్కకూడదు అన్నట్టు మా కాళ్ల మధ్య నుంచి ఒక్కొక్క గింజా తీస్తున్నాడు. మిగతా ఇద్దరూ కూర్చున్నారు. పొద్దుటి నుంచీ తిట్టుకున్న ముగ్గురూ ఒకే పనిలో మునిగిపోయారు.

మెస్సు నుంచి ఖమరుద్దీన్ చిచ్చా పరుగెత్తుకొచ్చాడు. "రేయ్ జితేందరూ! ఏం పని చేసినావురా నాయనా? అది మిఠాయి గాదబ్బా, మీ మామ దినం! పొద్దున్నించీ నా పొయ్యి మీద వాళ్లే ఉడకబెట్నారు. మాకు నలభయ్యోనాటి చాలీస్వా లేదూ? అట్లాంటిదే. ఆ బాదం పలుకుల ముక్కోణం వాళ్ల బాసలో మీ మామ పేరుకు మొదటి అక్షరమంట."

వాళ్ల పోట్లాట కూడా చెప్పాడు. గోధుమలకూ చక్కెరకూ మధ్య వేయించిన పిండి పరచాలని మనోలిస్, నువ్వులు లేకుండా ఇదెక్కడి ఆచారమని ఆండ్రెయాస్. చివరికి మనోలిస్‌కు ఇంకో సందేహం వచ్చిందట, చర్చిలో జ్ఞానస్నానం లేనివాడికి ఇది చేయొచ్చా అని. సావాస్ గరిటె బల్లకేసి కొట్టి, "గోధుమలకు జ్ఞానస్నానం ఉందా?" అన్నాడట. పిండి, నువ్వులు, ప్రార్థన, అన్నిట్లోనూ తేడాలే. కానీ చచ్చినవాడికి నలభయ్యో రోజున గోధుమలు ఉడకాలి అన్న దగ్గర క్రీట్ వాడూ సైప్రస్ వాడూ నల్లసముద్రం వాడూ ఒక్కటే.

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ పేజీ లేదు.

అప్పుడు ఒక్క విషయం గుర్తొచ్చింది. రేపటి విచారణలో ఆ ఆర్డరు గురించి చెప్పగలిగింది నేనూ సావాసూ మాత్రమే. మామ అల్లుణ్ణి కనుక నా ఒక్కడి మాట నిలవదు. ఆ మనిషి చేతిలోని పళ్లెం నేను ఎగరగొట్టాను. మామ పరువు నిలబెట్టడానికి బయలుదేరి ఉన్న ఒక్క దారినీ నేనే మూశానా?

సాయంత్రం మెస్సు వంటగదికి వెళ్లాను. సావాస్ ఒక్కడే ఉన్నాడు. పొయ్యి మీద మళ్లీ గోధుమలు ఉడుకుతున్నాయి. సైట్ హిందీలో అడిగాను, రేపేం చెప్తావని.

"ఆర్డర్ మేనేజర్ దియా, హమ్ బోలా. దోనో బోలేగా," అన్నాడు. ఆర్డరు మేనేజర్ ఇచ్చాడు, దేవయ్యకు నేను చెప్పాను, రెండూ చెప్తాను అని.

"పొద్దున ఎందుకు మాట్లాడలేదు?"

"సబ్ కే సామ్నే బోలేగా తో ఆజ్ హీ టికెట్. ఫిర్ కల్ కౌన్ బోలేగా?" పొద్దున్నే నోరు తెరిస్తే ఆ రోజే తనను పంపేసేవాళ్లు, మరి రేపు చెప్పేదెవరు?

తరువాత నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల నాయనమ్మ వాళ్లు సమాధులను పాత దేశంలోనే వదిలి వచ్చారట. పువ్వు పెట్టడానికి మన్ను లేని మనుషులు. అందుకని ఆమె ఏటేటా గోధుమలు ఉడకబెట్టి చచ్చినవాళ్ల పేర్లు చదివేదట. మామ దేహాన్ని మీ దగ్గరికి పంపేశాం, ఇక్కడ అతనికీ మన్ను లేదు, అందుకే ఇది అన్నాడు. గిన్నెలో వేసి నా ముందు పెట్టాడు. ఇది తిన్నవాళ్లు "దేవుడు అతన్ని క్షమించుగాక" అనాలట.

నాకు మళ్లీ మండింది. "క్షమించడానికి మా మామ ఏం తప్పు చేసిండు?" అని తెలుగులోనే అరిచాను. ఖమరుద్దీన్ చిచ్చా గుమ్మంలో నిలబడి హిందీలో చెప్పాడు.

సావాస్ గరిటె పక్కన పెట్టాడు. "తో మేరే లియే బోలో," అన్నాడు. అయితే నా కోసం అను అని.

సంధ్యా, ఇదే నేను ఇంతసేపు దాచింది. బాపుకు కిందికి చెయ్యి చూపించిన మనిషి వండినది నేను తిన్నాను. గిన్నె ఖాళీ చేశాను. కానీ ఆ మాట అనలేదు. అనడానికి నోరు రాలేదు, అనను అనడానికీ రాలేదు.

నిన్న విచారణ జరిగింది. ఆఫీసరు బలూచీ ఒమానీ, చక్కటి ఉర్దూ మాట్లాడాడు. మన గ్యాంగు ఒక్కొక్కరే వెళ్లి "మాకు తెల్వదు" అన్నారు. అబద్ధం చెప్పలేదు, అది కూడా చిన్న విషయం కాదు. వహీద్ మాత్రం బయటికొస్తూ నా వైపు చూసి, మళ్లీ లోపలికి పోయి, "పెద్దాయన తాగడు సాబ్, గది మొత్తంల తాగనిది ఆయనొక్కడే" అని చెప్పి వచ్చాడు. నేను చెప్పాను. సావాస్ మేనేజర్ ఎదురుగానే చెప్పాడు, "అతను అడిగాడు. నేను దిగమన్నాను" అని. ఆఫీసరు రెండుసార్లు అడిగించాడు. రెండుసార్లూ అదే చెప్పాడు. కంపెనీ కాగితం చెల్లదని, కొత్తగా రాయాలని ఆఫీసరు ఆర్డరు వేశాడు.

కాబట్టి ఈ ఉత్తరంలో మామ అడిగిన మాట ఉన్న పేరా, వహీద్ మాట ఉన్న పేరా బావి కాడ నలుగురున్నప్పుడు నిలబడి బిగ్గరగా చదువు. అత్తను పక్కన నిలబెట్టుకో. అప్పుడు కూడా ఎవడైనా నోరు జారితే వాడి పేరు నాకు రాయి.

ఇంకో సంగతి, నీకు నచ్చనిది. విచారణ పూర్తయ్యే వరకు నేను దేశం దాటకూడదట. కంపెనీ నన్ను దూరాన ఉన్న షినాస్ సైట్‌కు మార్చింది. పాప పుట్టువెంట్రుకలకు వస్తానన్నాను, రాలేను. నన్ను చూడకుండానే దానికి మాటలు వచ్చేస్తాయేమో. నా కోసం ఆపకుండా కానివ్వండి.

సావాస్‌ను పని నుంచి తీసేశారు. విచారణ వాళ్ల కాగితం రాగానే వాళ్ల దేశం పోతాడు. నా నుంచి మళ్లీ ఏమీ అడగలేదు. నేనే అతని ఊరి చిరునామా అడిగి తీసుకున్నాను. ఆ క్షమించే మాట అనే హక్కు నాది కాదు సంధ్యా, నీదీ అత్తదీ. ఇద్దరూ కూర్చుని ఆలోచించండి, తొందరలేదు. అంటామంటే రాయండి, పంపుతాను. అనం అంటే అదే రాయండి, దాన్నీ ఒక్క అక్షరం మార్చకుండా పంపుతాను. ఏది వచ్చినా చదువుతాను అన్నాడు.

ఇట్లు,
నీ బావ, పాప నాయన,
జితేందర్