చాంది గుడిసె పీకనియ్యను

తహసీల్దారు సారుకు,

నా పేరు గాదె కొమురవ్వ. వయసు డెబ్బై దాటింది. మహబూబాబాద్ రైలుకట్ట పక్కన మేం వేసుకున్న గుడిసెల బస్తీలో నేనూ, నా మనవరాలు శృతీ ఉంటాం. నేను చెబుతుంటే శృతి రాస్తోంది.

మా బస్తీకి పెద్దమనిషి లేడు. నీళ్లయినా, తగవైనా అందరం కూర్చుని చేతులెత్తి తేల్చుకుంటాం. పొయ్యి కూడా అందరికీ ఒక్కటే. గుడిసెలు వేసిన నాటి నుంచీ ఆ పొయ్యి మీద మాకు వండిపెట్టేది తండా నుంచి వచ్చిన చాంది.

మీరు ఇండ్ల పట్టాలిస్తారని తెలిసింది. నిన్న కూటంలో మా బస్తీ పిలగాడు ఐలేశ్ లేచి, "తండోళ్లకు తండా ఉన్నది. గీ జాగ మనది" అన్నాడు. పరాచికమనుకున్నాను. మా ఇంటివీ, చాంది ఇంటివీ తప్ప అన్ని చేతులూ లేచాయి సారూ!

"తిన్నింటి వాసాలు లెక్కవెడ్తవారా?" అన్నాను.

"చేతులు లేసినయ్ గదనే అవ్వా. గా కట్టుబాటు వెట్టింది నువ్వే" అన్నాడు.

రేపు ఆమె గుడిసె పీకుతారట. నేను అందులోనే కూర్చున్నాను. నాకిచ్చే జాగలో సగం చాంది పేరున రాయండి. బస్తీ మాట కాదని ఆఫీసుకు రాయడం నాకిదే మొదలు. సాక్ష్యానికి ఈ ఇద్దరే వచ్చారు.

కొమురవ్వ వేలిముద్ర

సాక్షులు: శృతి, చాంది భర్త భద్రు