మరిపెడ అవ్వ అడిగిన ప్రశ్న

జనగామ, మే 6, మంగళవారం.

ఈ రోజు పనులు ఇవి: బియ్యం చెరిగాను, రెండు బకెట్ల బట్టలు ఉతికాను, మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించాను, ఒక ఫోను మాట్లాడాను. ఆ ఫోను సంగతి మీరు వినాలి.

మీరు పోయినప్పుడు మీ అవయవాలు దానం ఇస్తే నాకు తోడుగా నిలిచిన సంస్థకు దేశమంతటికీ ఒకటే నంబరు. అక్కడికి తెలుగువాళ్లు చేసే ఫోన్లను ఉగాది నుంచి నాకు కలుపుతున్నారు.

ఈ రోజు హైదరాబాదు దవాఖాన నుంచి ఒక మరిపెడ అమ్మాయి చేసింది. బండి మీద నుంచి పడిన ఆమె భర్త మెదడు చనిపోయిందని డాక్టర్లు తేల్చారు. గుండె, కిడ్నీలు, కళ్లు ఇవ్వాలని ఆమెకు ఉంది. అత్తను కాదని సంతకం పెట్టలేనంది. సాయంత్రంలోగా చెప్పాలి.

ఫోను అత్తకు ఇమ్మన్నాను.

"కండ్లు తీస్తే నా కొడుకుకు పైలోకంల తొవ్వ ఎట్ల కనవడ్తది?" అని ఆ అవ్వ నిలదీసింది.

సంస్థవాళ్లు నేర్పిన జవాబులన్నీ నోటుబుక్కులో వరుసగా రాసుకున్నాను. ఆ పుస్తకం మూసి పక్కన పెట్టాను.

"మా ఆయనయి గూడ ఇచ్చిన అవ్వా. మూడేండ్లాయె. తొవ్వ తప్పి ఒక్కనాడన్న ఇంటికి రాలే," అన్నాను.



"నీకు గూడ గిట్లనే అయిందా బిడ్డా," అంది ఆ అవ్వ. తర్వాత కోడలితో, "ఆ కాయితం ఇటు తే. నేను గూడ ఏలిముద్ర ఏస్త," అనడం వినిపించింది.

అవయవాల కోసం ఎదురుచూసే జాబితాలో వంతు వచ్చిన వాళ్లను ఆపరేషన్‌కు పిలిచారని సాయంత్రం సంస్థ నుంచి కబురు వచ్చింది. ఫోనులో నాకు మాటలు రావని నవ్వేవారు కదా మీరు.

ఆ రోజు దవాఖానలో మీ మంచం పక్క నుంచి నేను ఇదే నంబరుకు ఫోను చేస్తే, పేరు తెలియని ఒకామె గంటసేపు నాతో మాట్లాడింది. ఆ గంట బాకీ నేటితో చెల్లు.