తొట్టెల తాడు

గౌరవనీయురాలైన అక్కకు,

నా తెలుగు పేలవంగా ఉంటే మన్నించు. రాత్రి బడిలో నేర్చిన పుస్తకాల భాష ఇది. న్యూజిలాండ్‌లో దానిని పలికేందుకు తోడు లేదు. నీవు పోయి నేటికి ఏడాది.

ఈ రోజు నా శిశు సంరక్షణ చదువుకు చివరి పరీక్ష జరిగింది. ఏడుస్తున్న పాపను జోకొట్టి నిద్రపుచ్చాను. ఊగని మంచం పక్కన నా కాలు ఊగుతూనే ఉండటం చూసి పరీక్షాధికారిణి కారణమడిగింది. తల్లి లేని నన్ను మా అక్క పెంచిందనీ, తొట్టెల తాడును కాలి బొటనవేలికి కట్టుకొని ఊపుతూ, రెండు చేతులతో బీడీలు చుట్టేదనీ చెప్పాను. ఉత్తీర్ణుడనయ్యాను. సాయంత్రం ఉత్తీర్ణతా పత్రం ఇచ్చారు.

ఈ చదువులో చేరిన నాడు ఫోనులో నీవు నవ్వావు: "పోరగాండ్లను ఆడిపిచ్చేటందుకు గూడ సర్టిఫికెటా తమ్మీ? మరి నాకెవ్వడిచ్చిండురా?"

నాది తెచ్చి నీ చేతిలో పెడతానన్నాను. ఇప్పుడు మన ఊరు బోధన్‌లో దానిని ఎవరి చేతిలో పెట్టాలి, అక్కా?

ఈ ఉత్తరాన్ని నీకు చదివి వినిపించవలసినది నీ కూతురు సుజాత. ఆమె తొట్టెలలో ఇప్పుడు పసివాడున్నాడు. నీ పటం ముందు కూర్చొని పైకి చదవాలి. చదువుతున్నంతసేపూ కాలు మాత్రం ఆపకూడదు, వాడు లేస్తాడు.